పెనుకొండ మీద ఓడ

పావనిని పంపమని అడిగింది మురళీధరే. ఎవరూ అతని మెడ మీద కత్తి పెట్టలేదు. బెంగుళూరులో పావని పనిచేసే కంపెనీకి తనే ఫోన్ చేసి, "ధర్మవరం పిల్ల ఒకతి ఉండాది కదా మీ దగ్గర, ఆ పిల్లనే పంపండి, మా ఇంటి మనిషి మాదిరి" అన్నాడట. మేనేజర్ ఆ మాట చెప్పగానే పావనికి ఒళ్ళంతా ఒక్కసారి చల్లబడి, ఆ వెంటనే చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళుగా ఆ తలుపు ఎలా తెరవాలా అని ఆమె చూస్తుంటే, వాడే వచ్చి గడియ తీసి, రా తల్లీ అని పిలిచాడు. చూశారా పొగరు!

అయినా పావని దొంగదారిన పోయే రకం కాదు. "వాళ్ళ మీద మాకు పాత పగ ఉంది సార్" అని మేనేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేనేజర్ ఆ మాట, మురళీధర్ సాఫ్ట్‌వేర్ కొనబోయే ఓడల కంపెనీ తరఫున పరీక్ష చూడ్డానికి వచ్చే కెప్టెన్ గంగాధర చెవిన వేశాడు. ఆయన ఫోన్‌లోనే నవ్వి, "పగ ఉన్నోళ్ళే బాగా వెతుకుతారు, పంపండి. నేను పక్కనే కూచుంటా కదా" అన్నాడు.

ఇంతకీ పావని పనేమిటో చెప్పాలి, లేకపోతే మిగతాదంతా గాలిలో ఉంటుంది. నడిసముద్రంలో చమురు తోడే కట్టడాలుంటాయి. వాటికి డీజిలూ సామానూ మోసే ఓడలు వాటి పక్కనే కదలకుండా నిలబడాలి. లంగరు వేయడానికి లేదు, అడుగునంతా పైపులు. అందుకని ఓడ కింది మోటార్లను ఒక కంప్యూటరు అటు కాస్త ఇటు కాస్త తిప్పుతూ, గాలి తోసినా అల తోసినా ఓడను ఉన్నచోటే ఉంచుతుంది. నేనెక్కడున్నాను అని అది క్షణక్షణం మూడు యంత్రాలను అడుగుతుంది. రెండు యంత్రాలు ఆకాశంలోని ఉపగ్రహాలను విని చెప్తాయి. మూడోది సముద్రం అడుగున పెట్టిన పరికరం చేసే శబ్దాన్ని విని చెప్తుంది. రెండు ఒక మాట, ఒకటి వేరే మాట చెప్తే, ఆ ఒంటరిదాన్ని నమ్మడం మానేస్తుంది. మరి ఆ రెండూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్తే? ఆ ప్రశ్న వేయడమే పావని ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ ఓడ ఎక్కకముందే, ఆ కంప్యూటరును గదిలో పెట్టి, దానికి దొంగ సముద్రాన్ని చూపించి, దొంగ గాలి కొట్టి, యంత్రాల చేత అబద్ధాలాడించి, అది నిలబడుతుందో లేదో చూడాలి. నిలబడితే సంతకం. లేకపోతే లేదు.

ఈ పని ఆమె ముచ్చటపడి నేర్చుకున్నది కాదు. అన్న కోసం నేర్చుకుంది.

పావని అన్న వేణుగోపాల్, మురళీధర్ అనంతపురంలో ఒకే కాలేజీలో, ఒకే గదిలో ఉండి చదివారు. మురళీధర్‌ది హిందూపురం బజారులో పెద్ద కొట్టున్న ఇల్లు. శనివారం వస్తే మాత్రం ధర్మవరంలో వీళ్ళ మగ్గాలింట్లోనే తేలేవాడు. అవ్వ అక్కమ్మ చేతి రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి అంటే ప్రాణం వాడికి. ఇద్దరూ కలిసే హిందూపురంలో తూముకుంట దారిలో ఓడల సాఫ్ట్‌వేర్ ఆఫీసు మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు వేణుగోపాల్‌కు గది సముద్రం చాలక, కోర్సులు చేసి, నిజం ఓడ మీద ఆ కంప్యూటరు ముందు కూర్చునే ఆపరేటరుగా పోయాడు. మురళీధర్ ఆఫీసు చూసుకున్నాడు.

ఒకరోజు మురళీధర్ ఆ ఓడకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపాడు. అది ఎక్కించిన వారంలోనే, గాలీ వానా లేని పట్టపగలు, చమురు కట్టడానికి డీజిల్ పైపు తగిలించి నిలబడిన ఓడ ఉన్నట్టుండి దాని మీదికి ఉరికింది. వేణుగోపాల్ అదుపు తన చేతిలోకి తీసుకుని, ఓడను చేత్తో నడిపే పిడి పట్టి వెనక్కి లాగినా ఆగలేదు. గుద్దింది. పైపు తెగి, డెక్కు మీద పనిచేస్తున్న చిలమత్తూరు యువరాజ్ కాలు నుజ్జయింది. వాడికి ఆ పని ఇప్పించింది వేణుగోపాలే.

విచారణకు మురళీధర్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. అదే సాఫ్ట్‌వేర్, అదే గాలి, యంత్రాల చేత అవే అబద్ధాలు. అందరి ముందూ నడిపి చూపించాడు. గదిలో ఓడ రాయిలా నిలబడింది. "యంత్రం తప్పు లేదు సార్. మనిషి చెయ్యే ఆలస్యమైంది" అన్నాడు. ఆ ఓడ కెప్టెన్ కూడా తన మెడకు చుట్టుకోకుండా అదే పాట పాడాడు. ఆ రెండు యంత్రాలూ కలిసి అబద్ధం చెప్పడం నా కళ్ళతో చూశానని వేణుగోపాల్ ఎంత మొత్తుకున్నా వినేదెవరు! అతని లైసెన్సు పోయింది.

అక్కడితో ఆగి ఉంటే సరే. ఆ ఆదివారం మురళీధర్ ఆపిల్ పండ్లు పట్టుకుని ధర్మవరం వచ్చాడు. "పోలీసు కేసు కాకుండా నేనే అడ్డం పడినా అవ్వా, లేకుంటే వేణుగాడు జైల్లో ఉంటాండె" అని కళ్ళు ఒత్తుకున్నాడు. అవ్వ ఆ వయసులో వాడికి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. పావని కాఫీ కలిపి ఇచ్చి, "నీ మేలు మరిచిపోము మురళన్నా" అంది. ఆ మాట అన్న నాలుకను ఇప్పటికీ సబ్బు పెట్టి కడుక్కోవాలనిపిస్తుంది ఆమెకు. తడిగుడ్డతో గొంతు కోసినవాడికి కాఫీలో చక్కెర సరిపోయిందా అని కూడా అడిగింది.

ఆ తర్వాత, ఇంట్లో అందరికంటే ముందు అన్న మాట నమ్మింది ఆమే. బ్యాంకు సాఫ్ట్‌వేర్ పరీక్షించే సుఖమైన ఉద్యోగం వదిలేసి, ఓడల పని అక్షరం అక్షరం నేర్చుకుని ఈ కంపెనీలో చేరింది. అయితే ఈలోగా ఒక ఘోరం జరిగింది. అన్న తన మాట తనే నమ్మడం మానేశాడు. ధర్మవరంలో ఇంటి పట్టుచీరల కొట్లో కూర్చుంటాడు. గిరాకీ లేనప్పుడు గల్లా బల్ల మీద కుడిచెయ్యి పెట్టి, లేని పిడిని చటుక్కున పట్టుకుని లాగుతాడు. మళ్ళీ చెయ్యి తీసి, మళ్ళీ లాగుతాడు. "ఇంగొంచెం ముందే పట్టుకోనుంటే ఆగేదేమో పాపా. నేనే ఆలస్యం చేసినానేమో" అంటాడు. ఆ ప్రమాదం తర్వాత చిలమత్తూరు దిక్కు పోలేదు, యువరాజ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు.  అన్న ఉద్యోగం తీసుకుంటే తీసుకున్నాడు మురళీధర్, అన్న చేతి మీద అన్నకున్న నమ్మకాన్ని కూడా ఎత్తుకుపోయాడు.

పరీక్ష హిందూపురం ఆఫీసులోనే. ముందురోజే ధర్మవరం వచ్చేసిన పావనికి పొద్దున్నే అవ్వ సజ్జ రొట్టెలు, ఊరిబిండి, మజ్జిగ కట్టి ఇచ్చింది.

"ఆడ ఏమీ తినొద్దు పాపా. నీళ్ళు గూడ మనవే తాగు. వాళ్ళ ఉప్పు నోట్లో పడిందంటే నీకు మాట మెత్తబడతాది, నీ సంగతి నాకు తెల్దా?"

"వాడు మన ఉప్పు సంవత్సరాలు తినె కదవ్వా. వానికేం మెత్తబడలేదే?"

"వాడు తినె, మర్చిపాయె. మనము అట్లా పుట్టుక పుట్టలేదు" అంది అవ్వ, డబ్బా మూత గట్టిగా నొక్కుతూ.

వేణుగోపాల్ గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "ఈ పొద్దు ఓడను యాడ నిలబెడతారు పాపా?"

"యాడో సముద్రంలో. ఏంటికన్నా?"

చాలా రోజుల తర్వాత అతని ముఖంలో నవ్వు లాంటిది కనబడింది. "సముద్రంలో కాదు, పెనుకొండ కొండ మీద. మొదట్లో నేనూ మురళీ పెట్టిన ఆట అది. గదిలో ఓడ, నిజం ఓడ ఒకటికొకటి కలిసిపోకూడదని, పరీక్ష ఓడను ఎప్పుడూ పెనుకొండ కోట మీదే నిలబెడతా ఉంటిమి. ఓడ కొండెక్కిందంటే ఇది పరీక్ష అని చూస్తానే తెలిసిపోతాది. ఆ ఆఫీసులో ఇప్పటికీ అదే అలవాటంట."

పావని నవ్వి రైలెక్కింది. ఆ ఆఫీసు పాత పరీక్షల కాగితాల్లో ఆ అక్షాంశాల అంకెలు ఆమె చూసినవే, అవి ఏ చోటివో ఎప్పుడూ వెతకలేదు. ఎవరు వెతుకుతారు? గది ఓడ ఎక్కడుంటే ఏమిటి?

రైలు పెనుకొండలో ఆగింది. శనక్కాయలమ్మే ఆమె ఎక్కింది, ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోయే కుర్రాళ్ళు దిగిపోయారు. కిటికీలోంచి కొండ, కొండ మీద కోటగోడ కనబడుతున్నాయి. పావని ఊరికే దాని మీద ఒక ఓడను నిలబెట్టి చూసుకుంది. చూస్తానే తెలిసిపోతాది అన్నాడు అన్న. ఎవరికి తెలిసిపోతుంది? మనుషులకు. మనుషులకేనా? తనెక్కడున్నదీ అందరికంటే ముందు తెలిసేది ఆ సాఫ్ట్‌వేర్‌కే కదా!

ఆమె చేతిలోని నీళ్ళసీసా ఒళ్ళో పడింది. పెనుకొండ మీద ఉన్నప్పుడు మాత్రం బుద్ధిగా ఉండు అని దానికి ఎవరైనా నేర్పి ఉంటే? రోగం కుదర్చడానికి బదులు, డాక్టరు చూసేటప్పుడు మాత్రం దగ్గొద్దని చెప్పినట్టు. అందుకేనేమో విచారణలో ఓడ రాయిలా నిలబడింది. అందుకేనేమో నిజం సముద్రంలో ఉరికింది.

వెనకే ఇంకో ఆలోచన వచ్చి గుండె జారింది. ఒకవేళ అలా ఏమీ లేకపోతే? ఓడను సముద్రంలోకి మార్చినా అది కదలకుండా నిలబడితే? అప్పుడు చెయ్యి ఆలస్యమైంది నిజంగా అన్నదే. ఆ సంగతి తన చేతులతోనే తేల్చి, ఆ కాగితం మీద తనే సంతకం పెట్టి, సాయంత్రం అన్న ముఖం చూడాలి. మార్చకుండా ఊరుకుంటే ఆ అనుమానం అలాగే ఉంటుంది, అనుమానంలో కాస్త ఆశ కూడా ఉంటుంది. హిందూపురం వచ్చేదాకా పావని తేల్చుకోలేకపోయింది. ఆటో దిగాక, ఆఫీసు గుమ్మంలో పిలకున్న టెంకాయలా నున్నగా నవ్వుతూ నిలబడిన మురళీధర్‌ను చూశాక తేల్చుకుంది.

"రామ్మా పావనీ! ఎంత పెద్దదానివైతివి! అవ్వ బాగుండాదా? వేణుగాడు ఎట్లుండాడు?"

"బాగుండారు మురళీధర్ గారూ" అంది పావని.

మురళన్న పోయి మురళీధర్ గారు ఎప్పుడొచ్చాడో అతనికి అర్థం కాలేదు. ఆఫీసు పద్ధతి కాబోలనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు. లోపల కెప్టెన్ గంగాధర అప్పటికే వచ్చి కూర్చున్నాడు. కర్ణాటక అంచున అగళిలో పుట్టి ఓడ కెప్టెనైన మనిషి, తెలుగులో మొదలెట్టి కన్నడంలో దిగి మళ్ళీ తెలుగులోకి ఎక్కుతుంటాడు. ఈ సాఫ్ట్‌వేర్ నచ్చితే వాళ్ళ కంపెనీ ఓడలన్నిటికీ ఎక్కిస్తారు. మురళీధర్ ఆశంతా దాని మీదే ఉంది.

మధ్యాహ్నం దాకా పరీక్షలు నడిచాయి. పావని గాలి పెంచింది, ఒక మోటారును చంపేసింది, కరెంటు తీసేసింది. ఓడ తట్టుకుంది. చివరికి రెండు ఉపగ్రహ యంత్రాల చేత ఒకే అబద్ధం ఆడించింది. తెర మీద ఆ రెండు చుక్కలూ కలిసి పక్కకు జరిగాయి, శబ్దాన్ని వినే యంత్రం చుక్క ఉన్నచోటే ఉంది. ఓడ కంగారుపడలేదు. రెండు ఒకేలా జరుగుతున్నాయని గంట మోగించి, కదలకుండా నిలబడింది.

"శభాష్" అన్నాడు గంగాధర. మురళీధర్ పావని వంక చూసి, మన పిల్లే కదా అన్నట్టు కన్ను గీటాడు. పావని పళ్ళు బిగించి తన కాగితం మీద ‘నిలబడింది’ అని రాసింది. ఓడ ఉన్నచోటు దగ్గర పెనుకొండ అంకెలు రాసి, కింద గీత గీసింది.

భోజనాలకు మురళీధర్ ఇంటి నుంచి అతని భార్య విశాలాక్షి పూర్ణం ఓళిగలు, చిత్రాన్నం, వంకాయ కూర పంపింది. నెయ్యి వాసన గది నిండా నిండింది. పావని తన డబ్బా తీసి సజ్జ రొట్టె విరిచింది.

"ఇదేందమ్మా! మా ఇంటి కూడు చేదా? ఒక్క ఓళిగ తిను" అని మురళీధర్ ఆమె డబ్బా మూతలో వేయబోయాడు.

పావని చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ పొద్దు మీ ఇంట్లో ఏమీ ముట్టుకోనని అవ్వకు మాట ఇచ్చినా."

"ఏమ్మా, ఏంటికి?"

"పనయినాక చెప్తా."

మురళీధర్ చేతిలో ఓళిగ అలాగే ఉండిపోయింది. మన దిక్కున అన్నం వద్దన్న మనిషిని ఎలా అర్థం చేసుకోవాలో అతనికి తెలీకేం! ఆ తర్వాత అతను సరిగ్గా తినలేదు.

చేతులు కడుక్కుని వచ్చాక గంగాధర "ఇంక సంతకాలేనా?" అన్నాడు.

"ఇంకొక్కటి ఉంది కెప్టెన్. ఇందాకటి పరీక్షే మళ్ళీ. ఓడను మాత్రం పెనుకొండ మీద నుంచి దించి సముద్రంలో పెట్టండి" అంది పావని.

"పెనుకొండ?" అని గంగాధర తెర మీద అంకెలు చూసి, ఫోన్‌లో మ్యాపు తీసి చూసి, పగలబడి నవ్వాడు. "అయ్యో రామ! పొద్దున్నుంచి మనం కోట మీద ఓడ నడుపుతాండామా?"

ఆయన నవ్వుతున్నంతసేపూ పావని ఆయన్ని చూడలేదు. మురళీధర్ ముఖాన్నే చూసింది. అందులో నెత్తురు చుక్క లేదు. రైల్లో జారిన గుండె అప్పుడు తిరిగి తన చోటికి వచ్చింది. అన్నా, నువ్వు ఆలస్యం చేయలేదు. ఆ ముక్క తెర కంటే ముందు వాడి ముఖమే చెప్పింది.

"అది పరీక్షల పద్ధతిలో లేదు" అన్నాడు మురళీధర్. "చోటు మారిస్తే ఏం మారతాది కెప్టెన్? సముద్రమైతే ఏమి, కొండైతే ఏమి?"

"ఏమీ మారనప్పుడు మార్చేదానికి నొప్పేంటికి?" అంది పావని.

గంగాధర నవ్వు ఆపేశాడు. సముద్రం మీద బతికిన మనిషి, ఎదుటివాడి గొంతులో తడి ఆరిపోతే ఆయనకు తెలీదా! "మార్చండి" అన్నాడు.

"చోటు నేను చెప్తా" అని పావని అంకెలు చదివింది. ఆ అంకెలు ఆమెకు తన పుట్టినరోజు కంటే బాగా గుర్తు. అన్న ఓడ ఆ రోజు నిలబడిన చోటు అది. పక్కనే చమురు కట్టడాన్ని, అప్పుడున్నంత దగ్గరలోనే పెట్టించింది. ఆపరేటరు కుర్చీలో కూర్చోబోయిన ఉద్యోగి ఫణిని చేత్తో ఆపింది.

"నువ్వు లెయ్ తమ్ముడూ. ఈసారి ఆయన కూచుంటాడు."

"నేనా? నేనేంటికి?" అన్నాడు మురళీధర్.

"సాఫ్ట్‌వేర్ రాసినోడివి. ఏ బటన్ యాడుండాదో, ఏది ఎప్పుడు ఏం చేస్తాదో నీకంటే ఎవరికి తెలుసు? పైగా ఏం జరగబోతాందో గూడ ముందే తెలుసు. నీకున్నంత సులువు ఆ రోజు మా అన్నకు లేకపాయె. కూచో."

గారు పోయింది, మీరు పోయింది.  గంగాధర కళ్ళతోనే కుర్చీ చూపించాడు. మురళీధర్ కూర్చున్నాడు.

పావని ఆ రెండు యంత్రాల చేతా అదే అబద్ధం ఆడించింది. పొద్దున మోగిన గంట ఇప్పుడు మోగలేదు. తెర మీద రెండు చుక్కలూ కలిసి జరిగాయి. నిజం చెప్తున్న మూడోదాన్ని కంప్యూటరు తప్పని కొట్టేసి పక్కన పడేసింది. ఆ వెంటనే, పక్కకు పోయానని భ్రమపడిన ఓడ, మోటార్లన్నీ పూర్తి వేగంతో తిప్పి చమురు కట్టడం మీదికి ఉరికింది.

మురళీధర్ చెయ్యి పిడి మీదే ఉంది. ముందే కాచుకుని ఉన్నాడు కదా, చటుక్కున అదుపు తీసుకుని వెనక్కి లాగాడు. ఓడ ఆగలేదు. అంత బరువు వేగం అందుకున్నాక ఆగుతుందా! ఇంకో బటన్ నొక్కాడు, ఇంకోటి నొక్కాడు, పిడిని రెండు చేతులా పట్టుకుని కుర్చీలోంచి లేచి మరీ లాగాడు. గది ఓడ అన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు, "ఆగు, ఆగు, ఆగే నీ..." అని అరిచాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తెర మీద ఓడ బొమ్మ, కట్టడం బొమ్మ ఒకదాన్నొకటి తాకాయి. ఎర్ర దీపం వెలిగింది. చప్పుడు లేదు, రక్తం లేదు, అంతే తేడా.

పావని అతని కుర్చీ పక్కకు వచ్చి వంగింది. ఈ మాట కోసమే ఇన్నేళ్ళు బతికింది ఆమె. తొందరపడకుండా, ఒక్కొక్క ముక్కా అతని చెవిలో పడేలా అడిగింది.

"ఏమప్పా మురళీ, నీ చెయ్యి ఆలస్యమైందా?"

 గంగాధర లేచి వచ్చి, ఫణి వంక తిరిగి, "కొండ మీద ఉంటే ఒకటి, సముద్రంలో ఉంటే ఇంకొకటి. అది ఎట్ల అవుతాదప్పా?" అని అడిగాడు. ఫణి మురళీధర్ ముఖం చూశాడు, పావని ముఖం చూశాడు. "పెనుకొండలో ఉంటే మాత్రం నడిచే ప్రోగ్రాం ముక్క ఒకటి ఉండాది సార్. దాన్ని ముట్టుకోవద్దని మాకు చెప్పినారు" అన్నాడు.

"దాని మీద పనిచేస్తాండాము కెప్టెన్, తొందర్లోనే..." అని మురళీధర్ మొదలెట్టాడు.

"ఒక మనిషి కాలు పాయె. ఇంగొక మనిషి పేరు పాయె. ఇంకా తొందర్లోనేనా?" అన్నాడు గంగాధర. "ఆ ఓడ మాది కాదు గానీ, ఆ విచారణ చేసినోళ్ళు నాకు తెలుసు. ఇది వాళ్ళ ముందు మళ్ళీ నడుస్తాది. నువ్వే వచ్చి ఆ కుర్చీలో కూచుందువు. ఈ సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి ఓడనూ ఈ పొద్దే ఆపిస్తా."

ఆయన ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు. మురళీధర్ పావని వైపు తిరిగాడు. అతని కళ్ళలో నీళ్ళు. ఆ ఆదివారం అవ్వ ముందు ఒత్తుకున్నవి కాదు, ఇవి నిజమైనవే. "పాపా, నేను భయపడినా. ఆఫీసు మూతపడతాదని భయపడినా. ఆ విచారణ కోసమని ఆ ముక్క పెట్టినా, తర్వాత తియ్యలేకపోయినా. వేణుకు ఫోన్ చెయ్యి, నేనే చెప్తా వానికి. నేనే తప్పయిందని అడుగుతా."

పావని డబ్బా సంచిలో పెట్టుకుంది. "నువ్వు చెప్పొద్దు. నీ నోటి నుంచి మా అన్న ఇంక ఏ మాటా వినడు, మంచిదయినా సరే. తప్పయిందని చెప్పుకుని నువ్వు తేలికపడదామని చూస్తాండావు. ఆ బరువు నీ దగ్గరే పెట్టుకో. మేము ఇన్నేళ్ళు మోసినాము."

"పాపా, మీ అవ్వ చేతి కూడు తిన్నోడిని."

"అదే నాకూ గుర్తుండాది" అని పావని కాగితం మీద ‘నిలబడలేదు’ అని రాసి, సంతకం పెట్టి బయటికి వచ్చింది.

జాలి వేసిందా అంటే వేయలేదు. తర్వాత వేస్తుందేమో అని రైల్లో కాసేపు ఎదురు చూసింది, అప్పుడూ వేయలేదు. పెనుకొండ దాటుతుంటే కొండ వైపు చూసి, మిగిలిన సజ్జ రొట్టె తిన్నది. భలే ఆకలేసింది.

ధర్మవరంలో దిగేసరికి కొట్లలో దీపాలు వెలిగించారు. వేణుగోపాల్ పెళ్ళివాళ్ళకు చూపించిన చీరలు మడతలు పెడుతున్నాడు. చెల్లెలి ముఖం చూసి మడత ఆపాడు.

"పెనుకొండ మీద నిలబడింది, సముద్రంలో ఉరికింది" అంది పావని. "వాన్నే కూచోబెట్టినా అన్నా. నీ కుర్చీలో."

 అతను చీరను పక్కకు జరిపాడు. "మొదట చెయ్యి యాడ పెట్టినాడు?"

"పిడి మీద. నువ్వు పెట్టినట్లే."

"అట్లనే లాగినాడా?"

"నీకంటే ముందే లాగినాడు. ఏమవుతాదో తెలిసి, కాచుకుని ఉండి లాగినాడు."

"అయినా?"

"అయినా గుద్దింది."

వేణుగోపాల్ తన కుడిచేతిని బల్ల మీద పెట్టి దాని వంకే చూశాడు. ఈసారి అది దేన్నీ పట్టుకోలేదు, లాగలేదు. అతను అక్కడే స్టూలు మీద కూర్చుని, కొట్టు ముందు జనం పోతున్నారని కూడా చూడకుండా, గట్టిగా ఏడ్చాడు. పావని అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. మురళీధర్‌కు ఏ శిక్ష పడుతుంది, లైసెన్సు తిరిగి వస్తుందా, అవేమీ అతను అడగలేదు. ముఖం తుడుచుకుని ఒక్కటే అడిగాడు.

"నీ దగ్గర యువరాజ్ నంబరు ఉండాదా?"

ఉంది. పావని కలిపి ఇచ్చింది. అటు నుంచి ఎవరని అడగగానే వేణుగోపాల్ లేచి నిలబడ్డాడు.

"యువరాజ్, నేనప్పా, వేణుగోపాల్‌ను. ఇన్ని దినాలూ నీకు ఫోన్ చేసేదానికి నాకు ముఖం లేకపాయె." కుడిచెయ్యి బల్ల మీద ఆనించాడు. "ఆ పొద్దు నేను ఆలస్యం చేయలేదప్పా. రేపు చిలమత్తూరికి వస్తా. ముందు ఈ మాట చెప్దామని చేసినా."